కూలెంట్ లైటు రోజూ పొద్దున వెలుగుతోంది, కింద చుక్క కూడా పడటం లేదు, హెడ్ గాస్కెట్ అంటున్నారు. ఇంజన్ విప్పాల్సిందేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

నాది పెట్రోల్ కారు, కొని 9 ఏళ్లయింది, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. మూడు వారాల నుంచి పొద్దున స్టార్ట్ చేయగానే డాష్‌బోర్డు మీద కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) తక్కువగా ఉందన్న లైటు వస్తోంది. ఐదారు కిలోమీటర్లు నడిపాక దానంతట అదే ఆరిపోతుంది, సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు అసలు రాదు. అందుకే మొదటి వారం సెన్సార్ ఏదో తేడా చేసిందనుకుని వదిలేశాను. తర్వాత బానెట్ ఎత్తి చూస్తే ట్యాంకులో కూలెంట్ మినిమమ్ గీత కన్నా కిందకి ఉంది. ఇంట్లో ఉన్న డబ్బాలోంచి మ్యాక్సిమమ్ గీత దాకా పోశాను. 9 రోజులకి మళ్లీ లైటు. మళ్లీ పోశాను.

కారు నిలిపే చోట నేల మీద మరకేమీ లేదు, అట్టముక్క పరిచి చూశాను, పొడిగానే ఉంది. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది. సైలెన్సర్ నుంచి తెల్లపొగ కూడా కనిపించలేదు.

ఇద్దరు మెకానిక్‌లకి చూపించాను. మొదటాయన మూత తీసి లోపలికి ఒకసారి చూసి, కింద లీకు లేకుండా నీళ్లు తగ్గుతున్నాయంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ, పైనుండే హెడ్డుకీ మధ్య సీలు) పోయినట్టే, ఇంజన్ విప్పాలి, బండి వదిలేసి వెళ్లండి అన్నాడు. ఆయన చెప్పిన మొత్తం వింటే ఈ బండి అమ్మేస్తే వచ్చే డబ్బులో సగం దానికే పోయేలా ఉంది. రెండో ఆయన అయితే పాత బండికి ఇది మామూలే, నెలకోసారి నీళ్లు పోసుకుంటూ పోండి, ఏం కాదు అన్నాడు. ఒకే బండికి ఇంత తేడాగా చెబితే ఎవరి మాట నమ్మాలి?

నెలాఖరుకి అమ్మానాన్నలని తీసుకుని 400 కిలోమీటర్లు వెళ్లాల్సి ఉంది. లీకు ఎక్కడో నేనే ఇంట్లో కొంతవరకు తెలుసుకునే దారి ఉందా? ఏ భాగం పోతే ఖర్చు ఏ స్థాయిలో ఉంటుంది? ఈలోగా నడపొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (18 ఏళ్లుగా షెడ్డులో పని చేస్తున్న మెకానిక్)

ముందు కంగారు తగ్గించుకోండి. ఆ ఇద్దరిలో ఎవరూ పరీక్ష చేయలేదు, చూసి ఊహించారంతే. మూత తీసి చూసి హెడ్ గాస్కెట్ అని తేల్చడం ఎవరి వల్లా కాదు. అలాగని నీళ్లు పోసుకుంటూ పోతే ఈరోజు గాస్కెట్ బాగానే ఉన్నా రేపు నిజంగానే పోతుంది.

లైటు పొద్దునే రావడానికి కారణం సులువే. చల్లారినప్పుడు కూలెంట్ ముడుచుకుంటుంది, ట్యాంకులో మట్టం దిగుతుంది, సెన్సార్ అందుకుని లైటు వేస్తుంది. ఇంజన్ వేడెక్కాక కూలెంట్ వ్యాకోచించి మట్టం కాస్త పైకి లేస్తుంది, లైటు ఆరిపోతుంది. అంటే మీ సెన్సార్ బాగానే పనిచేస్తోంది, మీకు నిజమే చెప్పింది. మట్టం సరిగ్గా ఉండి కూడా లైటు వస్తుంటే అప్పుడు సెన్సార్ని, దాని కనెక్టర్‌ని అనుమానించాలి. లోపల ఫ్లోట్ ఇరుక్కున్నా, పిన్నులకి పాచి పట్టినా అలా అవుతుంది, అది చిన్న ఖర్చు. మీ విషయంలో అది కాదు, కూలెంట్ నిజంగా ఎక్కడికో పోతోంది.

ఇక కింద చుక్క లేకపోవడం. చుక్క లేదంటే లీకు లేదని కాదు. ఈ సిస్టమ్ ప్రెషర్ మీద నడుస్తుంది. కూలెంట్, నీళ్లు సగం సగం కలిపితే మూత లేకుండా సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, 15 పీఎస్ఐ ప్రెషర్ ఆపే మూత బిగిస్తే దాదాపు 129 డిగ్రీల వరకు మరగదు. ఆ ప్రెషర్ ఇంజన్ వేడెక్కాకే పుడుతుంది కాబట్టి చాలా లీకులు బండి నడుస్తున్నప్పుడే కారతాయి, కారింది కాస్తా వేడి ఇంజన్ మీద పడి ఆవిరైపోతుంది. మీరు బండి ఆపి అట్టముక్క వేసేసరికి ప్రెషర్ దిగిపోయి లీకు నిలిచిపోతుంది. మిగిలేదల్లా ఎండిపోయిన పక్కు మాత్రమే. కూలెంట్ ఏ రంగైతే ఆ రంగులో, లేదంటే తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు కనిపిస్తుంది. మీరు వెతకాల్సింది అది.

టార్చి లైటు తీసుకుని ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు చూడండి. రేడియేటర్ పక్కల నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు, మధ్యలో అల్యూమినియం జాలీ, ఆ రెండూ కలిసే అంచు వెంబడి చూడండి. తర్వాత ప్రతి హోస్ పైపు క్లాంపు దగ్గర, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) హౌసింగ్ చుట్టూ, కూలెంట్ ట్యాంకు అతుకు వెంబడి, మూత దారాల చుట్టూ చూడండి. కూలెంట్‌ని తిప్పే వాటర్ పంపు కింద తప్పకుండా చూడండి. ఆ తర్వాత కారులో పక్క సీటు వైపు కార్పెట్ ఎత్తి చేత్తో తడిమి చూడండి. అక్కడ తడిగా జిగటగా ఉన్నా, హీటర్ వేస్తే తియ్యటి వాసన వచ్చినా, అద్దం లోపలివైపు జిడ్డుగా మసకబారినా హీటర్ కోర్ (డాష్‌బోర్డు వెనక ఉండే, హీటర్‌కి వేడినిచ్చే చిన్న రేడియేటర్) కారుతోందని అర్థం. ఏసీ నీళ్లు కూడా కింద కారతాయి, వాటిని చూసి భయపడకండి, అవి మంచినీళ్లలా ఉంటాయి, రంగు, వాసన, జిగురు ఏమీ ఉండవు.

ఇంకో పని ఈరోజే చేయండి. ట్యాంకు మీద ఇప్పుడున్న మట్టం దగ్గర టేపు ముక్క అంటించి, తేదీ, కిలోమీటర్ల రీడింగ్ రాసుకోండి. రోజూ పొద్దున, ఒకే చదునైన చోట, స్టార్ట్ చేయకముందు చూడండి. ఎన్ని కిలోమీటర్లకి ఎంత తగ్గిందో తెలిస్తే మెకానిక్‌కి సగం పని మీరే చేసిపెట్టినట్టు.

మూత మాత్రం వేడిగా ఉండగా తీయకండి. లోపల ప్రెషర్‌లో ఉన్న కూలెంట్ ఒక్కసారిగా మరిగి మొహం మీదకి లేస్తుంది. నా పక్కన పనిచేసే కుర్రాడికి చెయ్యి మోచేతి దాకా కాలింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

జవాబు

పైన అన్నగారు చెప్పినదంతా కరెక్ట్. నేను ఒక్క విషయం గట్టిగా చెప్పడానికే లాగిన్ అయ్యాను. టెంపరేచర్ ముల్లు మధ్యలో ఉందని ధైర్యంగా ఉండకండి. నేను అలాగే ఉండి ఇంజన్ పోగొట్టుకున్నాను.

నా పాత కారులో కూలెంట్ లైటే లేదు, ముల్లు ఒక్కటే. హైవే మీద వెళ్తుంటే కింద హోస్ ఊడిపోయింది. కూలెంట్ మొత్తం నిమిషాల్లో పోయింది. ముల్లు మాత్రం ఎర్రగీత వైపు వెళ్లలేదు, పైగా కొంచెం కిందకి దిగింది. ఎందుకో తర్వాత తెలిసింది. ముల్లుకి సమాచారం ఇచ్చే సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా కొలుస్తుంది, దాని చుట్టూ ద్రవం లేకపోతే అది గాలిని కొలుస్తూ కూర్చుంటుంది. ఇంజన్ పికప్ తగ్గి, టకటకమని చప్పుడు వచ్చి, చివరికి ఆగిపోయింది. చల్లారాక సెల్ఫ్ కొడితే తిరగలేదు. సీజ్ అయింది. హెడ్ వంగిపోయింది, పిస్టన్లు పట్టేశాయి, ఆ ఖర్చు పెట్టడం కన్నా బండి తుక్కు కింద ఇచ్చేయడమే నయమని ఇచ్చేశాను. పోయింది ఒక హోస్ క్లాంపు, అన్నిటికన్నా చవకైన సామాను.

ముల్లు కన్నా ముందు నమ్మాల్సిన గుర్తు ఒకటి ఉంది. హీటర్ పూర్తి వేడి మీద పెట్టినా చల్లగాలి వస్తుంటే కూలెంట్ బాగా తగ్గిపోయిందనో, లోపల గాలి చిక్కుకుందనో అర్థం చేసుకోండి. దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, ఫ్యాన్ జోరు పెంచి, సురక్షితంగా పక్కకి తీసి ఇంజన్ ఆపేయండి. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని పోనివ్వకండి. కనీసం అరగంట, కుదిరితే ఇంకా ఎక్కువసేపు బానెట్ ఎత్తి వదిలేయండి. కాలిపోతున్న ఇంజన్లో చల్లటి నీళ్లు పోస్తే హెడ్డు పగిలే ప్రమాదం ఉంది.

జవాబు

ఇంత హడావిడి ఎందుకండీ, లీకు మూసే ద్రవం సీసా దొరుకుతుంది, రేడియేటర్లో పోస్తే చిన్న చిన్న లీకులు మూసుకుపోతాయి. మా బావ బండికి అలాగే చేశాం, ఏడాది అయింది, చుక్క తగ్గలేదు. ముందు అది పోసి చూడండి, తగ్గకపోతే అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లండి. పోయేదేముంది.

జవాబు

పోయేది ఉందండీ, అందుకే అడ్డు చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు.

ఆ ద్రవం పనిచేసే పద్ధతే ఎక్కడైనా అడ్డం పడి గట్టిపడటం. లీకు ఉన్న చోటే గట్టిపడు, సన్నటి గొట్టాల్లో గట్టిపడకు అని దానికి చెప్పలేం కదా. మన సిస్టమ్‌లో అన్నిటికన్నా సన్నటి దారులు హీటర్ కోర్‌లో, రేడియేటర్ జాలీలో ఉంటాయి. నేను రెండు సీసాలు పోశాను. రేడియేటర్ అంచు లీకు తగ్గింది, నిజమే, నాలుగు నెలలు హాయిగా తిరిగాను. తర్వాత హీటర్ రావడం మానేసింది, ట్రాఫిక్‌లో ముల్లు పైకి లేవడం మొదలైంది. విప్పితే హీటర్ కోర్ అంతా మడ్డి పట్టి మూసుకుపోయింది. హీటర్ కోర్ సామాను ధర పెద్దదేమీ కాదు, కానీ నా కారులో దాన్ని చేరాలంటే డాష్‌బోర్డు మొత్తం విప్పాలి. స్టీరింగ్ దించి, వైర్లన్నీ ఊడదీసి, రెండు రోజులు పట్టింది. బిల్లులో సామాను ఒక వంతు ఉంటే లేబర్ నాలుగు వంతులు. పైగా రేడియేటర్ కూడా మార్చక తప్పలేదు. మొదట్లోనే రేడియేటర్ ఒక్కటి మార్చి ఉంటే అందులో మూడో వంతుతో అయిపోయేది.

ఎక్కడో అడవి మధ్యలో బండి ఆగి, ఊరు చేరడం తప్ప దారి లేనప్పుడు పోసుకోవచ్చేమో. లీకు ఎక్కడుందో ఇంకా తెలియని బండిలో, ఇంటి ముందు నిలబడి ఉన్న బండిలో పోయడం మాత్రం వద్దు. పైగా ఇది పోశాక ప్రెషర్ టెస్టులో లీకు కొన్నాళ్లు కనిపించకుండా దాక్కుంటుంది, అసలు జబ్బు తెలియకుండా పోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థ్యాంక్స్. టేపు అంటించాను, ఐదు రోజులు చూశాను. 230 కిలోమీటర్లకి వేలు మందం తగ్గింది. ఆదివారం కారు కదలలేదు, ఆ రోజు అస్సలు తగ్గలేదు, అంటే నడిస్తేనే పోతోంది.

కార్పెట్ పొడిగా ఉంది. హోస్‌లు, రేడియేటర్ అంచులు, ట్యాంకు అన్నీ శుభ్రంగా ఉన్నాయి. కానీ కింద పడుకుని టార్చి వేసి చూస్తే, బెల్టులు ఉండే వైపు ఇంజన్ పక్కన ఒక ప్లాస్టిక్ కవరు ఉంది కదా, దాని కింది అంచు దగ్గర గులాబీ రంగు పక్కు సన్నటి చారలా ఇంజన్ మీదుగా కిందకి దిగింది. నా కూలెంట్ కూడా గులాబీ రంగే. ముట్టుకుంటే పొడిగా పెళుసుగా ఊడివచ్చింది. ఆయిల్ పోసే మూత తీసి చూశాను, లోపల మీగడలాంటిదేమీ లేదు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగానే ఉంది.

ఫొటో పెట్టడం కుదరలేదు. ఇది ఏమై ఉంటుంది? గాస్కెట్ భయం ఇంక లేనట్టేనా?

జవాబు (పైన రాసిన మెకానిక్)

చాలా మంచి పని చేశారు. మీరు చెప్పిన చోటుని బట్టి నా మొదటి అనుమానం వాటర్ పంపు మీదే.

పంపు ఇరుసుకి ఒక సీలు ఉంటుంది, దాని వెనక బేరింగ్ ఉంటుంది, ఆ రెండిటి మధ్య కావాలనే ఒక చిన్న రంధ్రం పెడతారు. సీలు అరిగితే కూలెంట్ బేరింగ్‌లోకి పోకుండా ఆ రంధ్రం గుండా బయటికి వస్తుంది. కొద్దిపాటి మరక ఉంటే పెద్దగా పట్టించుకోం, కానీ చార కిందకి దిగి, మట్టం కూడా తగ్గుతోందంటే సీలు పోయినట్టే. మీ బండిలో పంపు ఆ కవరు లోపల, టైమింగ్ బెల్టుతో (పిస్టన్లు, వాల్వులు ఒకదానికొకటి సరిగ్గా కలిసి కదిలేలా చేసే బెల్టు) తిరిగే రకం అయి ఉంటుంది. అందుకే మీకు పంపు కనిపించలేదు, కారినది మాత్రం కవరు అంచు నుంచి బయటపడింది.

అయినా చూపుతోనే తేల్చేయకండి, నేను చెప్పినా సరే. ప్రెషర్ టెస్ట్ చేయించండి. మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ప్రెషర్ వరకు, దానికి మించకుండా గాలి ఎక్కిస్తారు. 15, 20 నిమిషాలు ఆ పంపు మీది ప్రెషర్ ముల్లు అలాగే నిలబడాలి. దిగితే లీకు ఉన్నట్టు, అప్పుడు టార్చితో వెతికితే కారే చోటు కళ్ల ముందే కనిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి చేయమనండి, కొన్ని లీకులు ఒక స్థితిలోనే బయటపడతాయి. మూతని కూడా అదే పరికరంతో పరీక్షించమనండి, స్ప్రింగు బలహీనపడిన మూత వల్ల కూడా కూలెంట్ పోతుంది. మొత్తం రిపేరు ఖర్చులో ఈ టెస్టుకి అయ్యేది చాలా చిన్న భాగం, ఇది చేయకుండా సామాను మార్చే చోట బండి ఇవ్వకండి.

గాస్కెట్ గురించి అడిగారు. దానికి వేరే టెస్టు ఉంది. ట్యాంకు నోటి మీద నీలం రంగు ద్రవం ఉన్న గొట్టం పెట్టి, ఇంజన్ నడుస్తుండగా పైన చేరిన గాలిని దాని గుండా లాగుతారు. సిలిండర్‌లో మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే అందులోని కార్బన్ డయాక్సైడ్ వల్ల పెట్రోల్ బండిలో ఆ నీలం పసుపుగా మారుతుంది. ఇంట్లో మీరు చూసుకోదగ్గది ఒకటి ఉంది. రాత్రంతా నిలిపి ఉంచిన బండికి పొద్దున పై హోస్ నొక్కి చూడండి, మెత్తగా ఉండాలి. రాత్రంతా చల్లారాక కూడా గట్టిగా బిగిసి ఉంటే అనుమానించాలి. ఆయిల్ మూత కింద మీగడ కనిపించినా ఒక్కసారిగా భయపడకూడదు, రోజూ చిన్న చిన్న దూరాలే తిరిగే బండ్లలో తేమ వల్ల కూడా అలా పడుతుంది. మీకు అదీ లేదు.

ఇక ఖర్చు. బిల్లు తీసుకున్నప్పుడు అంకె మాత్రమే చూడకండి, అందులో సామాను ఎంత, లేబర్ ఎంత, కొత్త కూలెంట్ ఎంత అని విడదీసి అడగండి. మూత, క్లాంపు, సెన్సార్ లాంటివి చేత్తో మార్చేవే, అందుకే అవి అట్టడుగున ఉంటాయి. హోస్, ట్యాంకు, థర్మోస్టాట్ దాని పై మెట్టు, అవి గంటా రెండు గంటల పని. రేడియేటర్‌లో సామానే ఎక్కువ, లేబర్ తక్కువ. వాటర్ పంపుకి వస్తే అది ఎక్కడ ఉందన్నదే మొత్తం తేలుస్తుంది. బయటి బెల్టుతో తిరిగేదైతే తేలిక, మీలా టైమింగ్ బెల్టు లోపల ఉంటే ఇంజన్ మౌంటు దించి, కవర్లు విప్పి, టైమింగ్ గుర్తులు కలిపి బిగించాలి, పంపు ధర కన్నా లేబర్ ఎక్కువవుతుంది. హీటర్ కోర్ సంగతి పైన ఆయన చెప్పారు. హెడ్ గాస్కెట్ అన్నిటికన్నా పైన. ఆ గాస్కెట్ రేకు ధర వింటే ఇంతేనా అంటారు, కానీ హెడ్డు దించాలి, లేత్‌కి పంపి సమతలంగా ఉందో లేదో చూడాలి, చాలా ఇంజన్లలో 0.05 మిల్లీమీటర్ వంపు ఉన్నా ఫేసింగ్ (గీసి చదును చేయడం) చేయించాలి, సాగే రకం హెడ్ బోల్టులు కొత్తవి వేయాలి, ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ అన్నీ కొత్తవి. ఆ మొదటాయన మీకు చెప్పిన అంకె ఈ పనికి పెద్ద తేడా ఏమీ ఉండకపోవచ్చు, తప్పల్లా జబ్బు తేల్చకుండానే ఆ అంకె చెప్పడం.

మీ టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారు? అది చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

బెల్ట్ ఒక్కసారి కూడా మార్చలేదండీ. సర్వీస్ పుస్తకం తీసి చూశాను, 1,00,000 కిలోమీటర్లకి మార్చాలని రాసి ఉంది, నేను గమనించలేదు. అంటే ఇప్పటికే గడువు దాటిపోయింది. పంపు ఒక్కటి ఇప్పుడు మార్చి బెల్ట్ తర్వాత చూసుకోవచ్చా, డబ్బు కొంచెం ఇబ్బందిగా ఉంది. ఇంకోటి, రెండుసార్లు ఇంట్లో ఉన్న డబ్బాలోంచి పోశానన్నాను కదా, ఇప్పుడు చూస్తే అది ఆకుపచ్చ రంగుది. ఏమైనా అవుతుందా?

జవాబు

కూలెంట్ సంగతి నేను చెబుతాను, కెమిస్ట్రీ చదువుకున్నాను, నా బండి పనులు నేనే చేసుకుంటాను.

రంగు చూసి రకం చెప్పలేం. ఒకే రంగులో వేర్వేరు రకాలు, ఒకే రకం వేర్వేరు రంగుల్లో అమ్ముతారు. ఎక్కువ కూలెంట్లలో మూలం ఒకటే, ఇథిలీన్ గ్లైకాల్. తేడా అంతా తుప్పు పట్టకుండా కలిపే పదార్థాల్లో ఉంటుంది. పాతకాలపు వాటిలో సిలికేట్లు, ఫాస్ఫేట్ల లాంటివి, తర్వాత వచ్చిన వాటిలో ఆర్గానిక్ ఆమ్లాలు. సరిపడని రెండు రకాలు కలిస్తే ఆ రక్షణ త్వరగా అయిపోతుంది, కొన్ని కలయికల్లో జిగురులా గట్టిపడి సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. మీరు పోసింది కొద్దిగానే కాబట్టి ఇంజన్‌కి వెంటనే ఏదో అయిపోతుందని భయపడక్కర్లేదు, కానీ పంపు మార్చేటప్పుడు ఎలాగూ కూలెంట్ దించాలి కదా, అప్పుడు లోపల శుభ్రంగా కడిగించి, మాన్యువల్‌లో ఏ ప్రమాణం రాసి ఉందో అదే కొత్తది నింపించండి. డబ్బా మీద రంగు కాదు, ఆ ప్రమాణం కోడ్ చదవండి. డబ్బా మీద కలపకుండా వాడేదా, నీళ్లు కలపాల్సిందా అన్నది కూడా చూడండి. నీళ్లు కలపాల్సినది అలాగే పోస్తే మంచిదనుకుంటారు చాలామంది, అది తప్పు. అచ్చంగా గ్లైకాల్ మాత్రమే ఉంటే వేడిని మోసే శక్తి తగ్గుతుంది, గడ్డకట్టే గుణం కూడా పెరుగుతుంది. సగం సగం కలిపితేనే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు.

రిపేరు అయ్యేదాకా మట్టం దిగితే డిస్టిల్డ్ వాటర్ పోయండి, కుళాయి నీళ్లు వద్దు, వాటిలోని లవణాలు లోపల పొలుసు కడతాయి. దారిలో ఇరుక్కుని వేరే గతి లేకపోతే ఏ మంచినీళ్లయినా పోసి ఇంటికి చేరండి, తర్వాత మార్పించుకోండి.

పాత కూలెంట్ దించినప్పుడు నేల మీద వదలొద్దని మెకానిక్‌కి చెప్పండి. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకుతాయి, కొంచెం తాగినా మూత్రపిండాలు పాడై చచ్చిపోతాయి. పిల్లలున్న ఇంట్లో డబ్బా అందకుండా పైన పెట్టాలి. ఈ విషయం ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నాను.

జవాబు (మెకానిక్)

బెల్ట్ తర్వాత చూసుకోవచ్చా అన్నారు. నా సొంత తమ్ముడు అడిగినా వద్దనే చెబుతాను. పంపు మార్చాలంటే బెల్ట్ ఎలాగూ తీయాల్సిందే. లేబర్ ఒక్కసారే, బెల్ట్, టెన్షనర్ (బెల్ట్‌ని బిగువుగా ఉంచేది), పుల్లీల సామాను ధర మాత్రం అదనం. ఇప్పుడు వదిలేసి ఆరు నెలల తర్వాత బెల్ట్ వేయిస్తే అదే లేబర్ మళ్లీ మొదటి నుంచి కట్టాలి. పైగా మీ బెల్ట్ గడువు దాటింది, దాని మీద కూలెంట్ కూడా కారి ఉండొచ్చు, కూలెంట్ తగిలితే రబ్బరు పాడవుతుంది. చాలా ఇంజన్లలో బెల్ట్ తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకి తగులుతాయి, అప్పుడు హెడ్డు దించాల్సిందే. మీరు ఏ బిల్లుకి భయపడి ఇక్కడికొచ్చారో ఆ బిల్లే మళ్లీ ఎదురవుతుంది. పంపు బేరింగ్ పట్టేసినా బెల్ట్ తెగుతుంది. డబ్బు సర్దుకునేదాకా బండి తక్కువగా తిప్పండి, ఆ 400 కిలోమీటర్ల ప్రయాణం మాత్రం రిపేరు అయ్యాకే.

రెండు చోట్ల ఎస్టిమేట్ రాయించుకోండి. పాత సామాను చూపించమని ముందే చెప్పండి. నింపాక గాలి తీయమనండి, కొన్ని బండ్లకి దానికోసం స్క్రూ ఉంటుంది, లేదంటే హీటర్ వేడి మీద పెట్టి థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపిస్తారు. మొదటి రెండు మూడు రోజులు మట్టం కొద్దిగా దిగితే మళ్లీ లీకు అనుకోకండి, లోపల మిగిలిన గాలి బయటికొచ్చి కూలెంట్ దాని చోట్లోకి వెళ్తుంది. ఆ తర్వాత కూడా దిగుతుంటే మాత్రం బండి వెనక్కి తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారం, పని అయిపోయింది. ఎలా జరిగిందో రాయకపోతే తప్పవుతుంది.

మూడో మెకానిక్ దగ్గరికి వెళ్లి, మొదటే ప్రెషర్ టెస్ట్ చేసి చూపించండి, తర్వాతే మిగతా మాటలు అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు, సరే అన్నాడు. చల్లగా ఉన్నప్పుడు ముల్లు కదల్లేదు, నాకు కంగారొచ్చింది. ఇంజన్ వేడి చేసి మళ్లీ పెడితే పది నిమిషాల్లో దిగింది. కవరు పై భాగం తీసి అద్దం పెట్టి చూపించాడు, పంపు కింద రంధ్రం నుంచి గులాబీ చుక్క ఒకటి మెల్లగా ఊరుతూ కనిపించింది. నీలం ద్రవం టెస్ట్ కూడా చేయించాను, పదిహేను నిమిషాలు నడిపినా రంగు మారలేదు, గాస్కెట్ బాగానే ఉంది. ఆ నీలం అలాగే ఉండటం చూసి ఎంత ఊపిరి పీల్చుకున్నానో చెప్పలేను.

పంపు, బెల్ట్, టెన్షనర్, పుల్లీలు, కొత్త కూలెంట్, అన్నీ ఒకేసారి వేయించాను. మొత్తం కలిపి ఆ మొదటాయన గాస్కెట్‌కి చెప్పినదాంట్లో మూడో వంతు కన్నా కొంచెం తక్కువే అయింది. అందులో సగానికి పైగా లేబరే, బెల్ట్ సామాను కలిపినందుకు పెరిగింది తక్కువే. పాత బెల్ట్ చూపించాడు, పంపు వైపు అంచు ఉబ్బి, నూలు పోగులు బయటికొచ్చి ఉన్నాయి. ఇంకెన్నాళ్లు ఆగేదో తెలియదు. అది చూశాక బెల్ట్ వాయిదా వేయొద్దన్న మాట ఎంత విలువైనదో అర్థమైంది, మెకానిక్ అన్నగారికి ప్రత్యేకంగా దండం.

రెండో రోజు మట్టం ఒక గీత దిగింది. మీరు ముందే చెప్పారు కాబట్టి భయపడకుండా కాస్త పోశాను, అదే రకం కూలెంట్. ఆ తర్వాత 11 రోజులు, 480 కిలోమీటర్లు, టేపు దగ్గర నుంచి కదల్లేదు. లైటు రాలేదు. శుక్రవారం అమ్మానాన్నలతో బయలుదేరుతున్నాం, డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఒకటి డిక్కీలో పెట్టాను.